పార్లమెంటు పద్దులలో ఆచార్య రంగా

నాయకుల చరిత్రలు లోకములో రెండు విధములుగా చెప్పబడుచుండును. మొదటిది ఊరేగింపుల చరిత్ర. పూలదండలు, జయజయధ్వానములు, కారాగారవాసములు, పదవులు అందు వర్ణింపబడును. రెండవది పద్దుల చరిత్ర. సభలో కూర్చుండిన దినములలో ఆ నాయకుడు ఏమి అడిగెను, ఏమి పలికెను, ఏ పక్షమున ఓటు వేసెను అను మూడు సంగతులే అందుండును. మొదటిది వినుటకు ఇంపుగా నుండును. రెండవది చదువుటకు కొంత విసుగు పుట్టించును. ఐనను గ్రామ లెక్కలు వ్రాయుటలో వయస్సు గడపిన నాకు రెండవదానియందే నమ్మకము హెచ్చు.

మన పాత పహాణీలను చూచినవారికి తెలియును. అందు పట్టాదారు పేరొక గడిలో, అనుభవదారు పేరు మరియొక గడిలో నుండెడివి. పట్టా ఒకరిపేర నుండి, దున్నువాడు మరియొకడైన సందర్భములు పెక్కు కలవు. శాసనసభ్యుని విషయమును ఇట్టిదే. అతని పార్టీ పేరు పట్టాదారు గడివంటిది. అతని ఓటు, ప్రసంగము, ప్రశ్న అను మూడును అనుభవదారు గడివంటివి. నిజముగా ఆ పొలమున ఏ పంట పండినదో తెలియవలెనన్నచో ఈ రెండవ గడినే చూడవలెను.

ఈ రీతిగా పరిశీలింపదగిన తెలుగువారిలో ఆచార్య గోగినేని రంగనాయకులుగారు, అనగా ఎన్. జి. రంగాగారు, ముఖ్యులు. ఆయన గుంటూరు సీమవారు గదా, మన జగిత్యాల ప్రాంతమునకు ఆయనతో నేమి పని యని కొందరడుగవచ్చును. మన ఊరి పొలముల హక్కులను తేల్చిన కొన్ని చట్టముల భవిష్యత్తు ఢిల్లీ సభలో ఓటునకు వచ్చిన దినమున ఆయన ఒక పక్షమునకు నాయకుడై యుండెను. ఆ కథ ముందు వివరించెదను.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి, స్వదేశమునకు వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులైరి. ఆచార్య శబ్దము ఆయన పేరునకు అప్పుడంటుకొని కడవరకు నిలిచినది. గాంధీ మహాత్ముని పిలుపు విని 1930లో ఉద్యమమున ప్రవేశించిరి. 1933లో వెంకటగిరి జమీందారీ రైతుల పక్షమున నిలిచి పోరాటము సాగించిరి. 1935లో దక్షిణదేశపు రైతులకును వ్యవసాయ కూలీలకును కలిపి ఏర్పడిన సమాఖ్యకు ఆయన ప్రధాన కార్యదర్శి. ఆ మరుసటి యేడు, 1936లో, లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ స్థాపింపబడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, రంగాగారు ప్రధాన కార్యదర్శులైరి. సమాఖ్య పేరులో రైతుతోపాటు కూలీయు నుండెనను సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కడపట లెక్క తేల్చునప్పుడు దానితో పనిపడును.

1930 దశకముననే ఆయన కేంద్ర శాసనసభలో ప్రవేశించిరి. ఆనాటి సభకు ప్రభుత్వమును దింపు అధికారము లేదు. ఐనను ప్రశ్న యను ఆయుధ మొకటి కలదు. సభ్యులు ప్రభుత్వమును ప్రశ్నించు హక్కు 1892 నాటి చట్టముతో వచ్చినది. సమాధానము విని మరల అనుబంధ ప్రశ్న వేయు హక్కు 1909 నాటి చట్టముతో వచ్చినది. ఈ రెండవ హక్కు మిక్కిలి విలువ గలది. మొదటి ప్రశ్నకు సమాధానమును కార్యాలయములోని గుమాస్తా వ్రాసి యిచ్చును. అనుబంధ ప్రశ్నకు మంత్రియే లేచి బదులు చెప్పవలెను. అధికారికి విషయము తెలిసినదో లేదో అప్పుడు బయటపడును.

భారతము చదివినవారికి ఈ మహిమ క్రొత్త కాదు. సభాపర్వమున ద్రౌపది వేసిన దొక్క ప్రశ్నయే. తన్నోడిన వెనుక నన్నోడెనా, నన్నోడిన వెనుక తన్నోడెనా యని ఆమె అడిగిన ధర్మసందేహమునకు వృద్ధులు, శూరులు నిండిన సభలో సరియైన ఉత్తరము దొరకలేదు. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడొక్కడు లేచి తన పక్షమునకే విరుద్ధముగా న్యాయము పలికెను. ఎవరు మాటలాడిరి, ఎవరు మౌనము వహించిరి అను లెక్కను వ్యాసభగవానుడు వ్రాసి యుంచుటచేతనే, వేలయేండ్ల తరువాతను మనము వారి మంచిచెడ్డలను నిర్ణయింపగలుగుచున్నాము. సభాపర్వము లేనిచో భీష్ముని మౌనము మనకు తెలియకపోయెడిది.

నేటి సభలకును అట్టి లెక్క కలదు. ఇంగ్లండులో ఒకప్పుడు పార్లమెంటు చర్చలను అచ్చువేయుట నేరము. 1771లో ముద్రాపకులతో పెద్ద కలహము జరిగిన పిమ్మట ఆ కట్టు సడలినది. ఎవరెటు ఓటు వేసిరో తెలుపు పట్టికలను 1836 నుండి ఆ సభయే ప్రకటింప నారంభించెను. మన దేశమున సభా చర్చలు మాటకు మాట సంపుటములుగా అచ్చగుచున్నవి. కాని ఓటు విషయములో ఒక చిక్కున్నది. పెక్కు తీర్మానములు మూజువాణి ఓటుతోనే తేలిపోవును. అప్పుడు సభ్యుల పేర్లు గ్రంథమునకెక్కవు. ఎవరైన సభ్యుడు విభజన కోరినప్పుడే అనుకూలుర పేర్లు, ప్రతికూలుర పేర్లు వేరువేరుగా నమోదగును. రాజ్యాంగ సవరణములకు మాత్రము విభజన తప్పదు. సభయొక్క మొత్తము సభ్యులలో సగమునకు మించిన ఓట్లును, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులును కావలెను. కావున ఒక సభ్యుని ఓటును పట్టి చూడవలెనన్నచో రాజ్యాంగ సవరణలయొద్దనే వెదకుట సులభము.

రంగాగారు రాజ్యాంగ నిర్ణయ సభలో సభ్యులై, స్వతంత్ర భారత రాజ్యాంగ రచనలో పాల్గొనిరి. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడి, కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1952లో రాజ్యసభ ఏర్పడినప్పుడు అందు సభ్యులైరి. అదే సభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడుగా పుచ్చలపల్లి సుందరయ్యగారుండిరి. ఒకరు భూమిగల రైతు గోడును, మరియొకరు భూమిలేని కూలీ గోడును ముందుంచుకొనినవారు. ఆనాటి సంపుటములలో ఈ యిద్దరు తెలుగువారి ప్రసంగములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో గ్రామమునకు రెండు ముఖములున్నవని తెలియును.

కొంతకాలమునకు రంగాగారు తిరిగి కాంగ్రెసులో చేరి, 1957లో తెనాలి నుండి లోక్‌సభకు వచ్చిరి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును ఆదర్శముగా తీర్మానించెను. గట్లు చెరిపి పొలములు కలుపుట రైతు స్వాతంత్ర్యమునకు ముప్పని రంగాగారు తలచిరి. మరల కాంగ్రెసును వీడిరి. ఆ యేడే రాజగోపాలాచారిగారితో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి దానికి తొలి అధ్యక్షులైరి. అధికార పక్షమున సుఖముగా నుండదగినవాడు, అరువదియేండ్ల ప్రాయము సమీపించుచుండగా ప్రతిపక్షపు బల్లకు మారుట సామాన్యము కాదు. అందుకు ఆయన మూల్యము చెల్లించిరి. 1962 సాధారణ ఎన్నికలలో తెనాలి ఓటర్లు ఆయనను ఓడించిరి. అనంతశయనం అయ్యంగారుగారు గవర్నరుగా వెళ్లుటచే ఖాళీయైన చిత్తూరు స్థానమునకు ఆ యేడే జరిగిన ఉప ఎన్నికలో గెలిచి మరల సభకు చేరిరి.

ఇక ముందు చెప్పెదనన్న కథ. 1964లో రాజ్యాంగమునకు పదునేడవ సవరణ వచ్చినది. దానిలో రెండు ముఖ్యాంశములున్నవి. ఎస్టేటు అను మాటకు అంతవరకు జమీందారీ, జాగీరువంటి భూములే అర్థము. ఈ సవరణతో రైత్వారీ భూములును ఆ మాటలో చేరినవి. రెండవది, భూసంస్కరణ చట్టములు నలుబది నాలుగింటిని తొమ్మిదవ షెడ్యూలులో చేర్చి, ప్రాథమిక హక్కుల పేరిట న్యాయస్థానములు వాటిని కొట్టివేయకుండ రక్షణ కల్పించుట. పరిమితికి లోబడి స్వయముగా సాగుచేసుకొను భూమిని తీసికొన్నచో మార్కెట్టు ధర కంటె తక్కువ కాని పరిహారమీయవలెనని ఒక నిబంధనయు నందుండెను.

జీవితమంతయు ఎస్టేటుదారులతో పోరాడిన రంగాగారికి, ఇప్పుడు సామాన్య రైతు పట్టాయే ఎస్టేటను పేర వ్యవహరింపబడుట సహింపరానిదైనది. ఆయన పక్షము సవరణను గట్టిగా ప్రతిఘటించినది. మొదటి పర్యాయము లోక్‌సభలో రాజ్యాంగము కోరిన ఆధిక్యము చాలక బిల్లు వీగిపోయెను. మరల ప్రవేశపెట్టగా 1964 జూన్‌లో చట్టమైనది.

ఆ నలుబది నాలుగు చట్టముల జాబితా చూచినచో మనకు సంబంధించిన పేర్లు కనబడును. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూ పరిమితి చట్టమున్నది. తెలంగాణ ప్రాంతపు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టమును ధ్రువపరచిన 1961 నాటి చట్టమున్నది. తెలంగాణలో ఇజారా, కౌలు భూముల అక్రమ పట్టాలను రద్దుచేసిన చట్టమును ఉన్నది. అంతకు ముందు 1951 నాటి మొదటి సవరణతో హైదరాబాదు జాగీర్ల రద్దు నిబంధన కట్టడి ఆ షెడ్యూలులో చేరియుండెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో మన పల్లెలలో ఎవరెవరి పేర్లు ఏ గడిలో ఎక్కినవో, ఆ పేర్ల వెనుక నిలిచిన చట్టములివి. రక్షిత కౌలుదారు బ్రదుకు ఢిల్లీలోని ఆ ఓటు పట్టికకు ముడిపడి యుండెను. అది మన ప్రాంతములో ఎందరికి తెలిసినది?

ఇచ్చట నిష్పక్షపాతముగా లెక్క చూడవలెను. పట్టాదారు రైతు కన్నులతో చూచినచో రంగాగారి ప్రతిఘటన రక్షణవలె కనబడును. కౌలుదారుని కన్నులతో చూచినచో అదే ప్రతిఘటన అడ్డంకివలె కనబడును. సవరణ ఓడియుండినచో ఆ చట్టములకు ఆ రక్షణ దొరకకపోయెడిది. ఊరేగింపుల చరిత్రలో ఆయన రైతుబాంధవుడు. పద్దుల చరిత్రలో ఏ రైతునకు బాంధవుడను ప్రశ్నయు లేచుచున్నది. 1935 నాటి సమాఖ్య పేరులో నున్న కూలీ, 1964 నాటికి ఆయన తక్కెడలో తేలికయ్యెనని విమర్శించినవారి మాటను త్రోసిపుచ్చలేము. అట్లని ఆయనను అవకాశవాది యనుటయు అన్యాయమే. పట్టాదారు గడిలో కాంగ్రెసు, కృషికార్, కాంగ్రెసు, స్వతంత్ర, మరల కాంగ్రెసు అని పేర్లు మారినవి. అనుభవదారు గడిలో మాత్రము తన భూమిని తాను దున్నుకొను రైతు స్వాతంత్ర్యమను ఒకే పంట కనబడుచున్నది. దాని మేలును అదియే, దాని లోటును అదియే.

1967లో శ్రీకాకుళము నుండి గెలిచి, నలుబది నాలుగు మంది సభ్యులుగల స్వతంత్ర పక్షమునకు లోక్‌సభలో నాయకత్వము వహించిరి. 1971లో ఓడిరి. 1970 దశకమున తిరిగి కాంగ్రెసులో చేరి, 1977లో రాజ్యసభకును, 1980, 1984, 1989 సంవత్సరములలో గుంటూరు నుండి లోక్‌సభకును ఎన్నికైరి. 1991 వరకు, మధ్య విరామములున్నను, ఆరు దశాబ్దములలో ఆయన పార్లమెంటరీ జీవితము వ్యాపించినది. 1991లో పద్మవిభూషణ బిరుదము లభించినది. 1995 జూన్ 9వ తేదీన తొంబదినాలుగేండ్ల వయస్సున పరమపదించిరి.

ఆయన చివరి కాలముననే సభ్యుల పద్దు చదువు రీతి మారినది. 1985లో ఏబదిరెండవ సవరణతో పార్టీ ఫిరాయింపుల నిషేధము వచ్చినది. నాటినుండి పార్టీ విప్పును ధిక్కరించి ఓటు వేసినవాడు సభ్యత్వము కోల్పోవు ప్రమాదమున్నది. నేడు వికర్ణుడు లేచినచో ఆతని ఆసనమునకే మోసము వచ్చును. కావున ఓటు గడి చూచి సభ్యుని మనస్సును తెలిసికొనుట నేడు కష్టము. ప్రశ్నల గడినే ఎక్కువ శ్రద్ధతో చూడవలెను. ప్రశ్న వేయుటకు విప్పు అడ్డురాదు. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు సభలో నోటిమాటగా సమాధానము, గుర్తులేనిదానికి వ్రాతమూలకముగా సమాధానము లభించును. మా చెరువు, మా రైలు, మా బీడీ కార్మికుడు, మా గల్ఫు వలస కూలీ అను మాటలు ఆ ప్రశ్నలలో నెన్నిమారులు వచ్చెనో లెక్కించుట కష్టము కాదు. ఐతే సంఖ్య యొక్కటియే చూచి మోసపోరాదు. నూరు ప్రశ్నలు వేసి ఒక్క సమాధానమునైనను వెంటాడనివాని కంటె, పది వేసి పని జరుగువరకు విడువనివాడు మేలు.

బుగ్గారము పేరిట ఒక శాసనసభా నియోజకవర్గము 2008 నాటి పునర్విభజన వరకు నుండెను. మన ఊరి పేరు చెప్పుకొని సభలో కూర్చుండినవారు అచ్చట ఏమి పలికిరో, ఏమి అడిగిరో మనవద్ద ఒక్క పుటయైనను వ్రాసి యున్నదా? పార్లమెంటు చర్చలు, ప్రశ్నోత్తరములు ఇప్పుడు అంతర్జాలమున ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున ఒక గట్టి అట్టగల పుస్తకముంచి, మన లోక్‌సభ సభ్యునికొక పుట, మన శాసనసభ్యునికొక పుట కేటాయించి, ఓటు, ప్రసంగము, ప్రశ్న యని మూడు గడులు గీసి, సమావేశము ముగిసినప్పుడెల్ల చదువుకొనిన యువకులు పూరించుచుండిన చాలును. పొగడ్తయు వలదు, తెగడ్తయు వలదు. తేదీ, విషయము, సభ్యుడు నిలిచిన పక్షము ఉన్న చాలును.

అయిదేండ్ల కొకమారు ఓటు మనచేతికి వచ్చినప్పుడు, ఊరేగింపు ఎంత పొడవైనదని చూచుటకు ముందు ఆ పుస్తకము తెరచి చూతము గాక. రంగాగారివంటి దీర్ఘ పద్దు అందరికి నుండదు. ఉన్నంతమటుకు పద్దు సరిగా నుండవలెనని అడుగు హక్కు మాత్రము పహాణీలో పేరున్నవానికిని, లేనివానికిని సమానముగా కలదు.