రహీం సాబ్ ఇచ్చిన కోచింగ్

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్, గ్రూప్స్, బ్యాంక్ పీవో... ఎందులో చేరాలో మీరు తేల్చుకునేలోపు, ఇదే నగరం దేశానికి ఇచ్చిన ఓ కోచ్ గురించి తెలుసుకోండి. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు రహీం సాబ్.

1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో ఆర్ట్స్ చదివారు. తొలి ఉద్యోగం బడిపంతులుగానే. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు. ఫుట్‌బాల్ ఆడుతూనే, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చేతిలో టీచర్ ఉద్యోగం ఉన్నా, ఇష్టమైన రంగానికి కావాల్సిన అర్హత సంపాదించుకున్నారన్నమాట. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు, భారత జట్టు రెండింటి బాధ్యతా ఆయన చేతికొచ్చింది.

రానిదే ఆడించారు

రహీం పెట్టిన కొన్ని పోటీల రూలు వింతగా ఉండేది. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే బంతిని తన్నాలి. ఇంకొన్నింట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. వచ్చిన పనే మళ్లీ మళ్లీ చేస్తే హాయిగానే ఉంటుంది, ఎదుగుదల మాత్రం ఉండదు. ఈ పద్ధతులతో తయారైన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా 5 సార్లు గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంలోని ప్రతిభను గుర్తించిందీ ఆయనే. బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

10-1 తర్వాత

1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఇంటర్వ్యూలో తిరస్కరణ మీకు తెలుసు కదా? ఇది ప్రపంచం ముందు జరిగిన తిరస్కరణ. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం కోచ్‌గా నిలిచారు, ఆట తీరు మార్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా చేతిలోనే ఓడింది, కానీ ఈసారి తేడా 4-1. చివరికి దక్కింది నాలుగో స్థానం.

ఆఖరి పరీక్ష

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ కబళిస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అయినా రహీం అతణ్ని పక్కన పెట్టలేదు, ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియానే. స్టేడియం నిండా మనల్ని గేలి చేసే జనం. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్లు పడ్డ జర్నైల్ ఇంకో గోల్. 2-1తో స్వర్ణం మనదే.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

కొత్త కోర్సుకు ఫీజు కట్టేముందు ఓ పని చేయండి. మీ ‘ఎడమ కాలు’ ఏదో కాగితం మీద రాయండి. ఇంగ్లిష్‌లో మాట్లాడటమా? ఆప్టిట్యూడా? నలుగురిలో నోరు విప్పడమా? ఓ వారం పాటు రోజూ గంట దాంతోనే ఆడండి. దీనికి ఫీజు లేదు, సిగ్గు పక్కన పెడితే చాలు.