మిల్లీమీటరు తరంగాల తొలి అన్వేషి జగదీశ్ చంద్ర బోస్

కృష్ణబిలం తొలి చిత్రాన్ని శాస్త్రవేత్తలు 2019 ఏప్రిల్‌లో లోకానికి చూపారు. అందుకు తోడ్పడినవి 1.3 మిల్లీమీటర్ల పొడవున్న రేడియో తరంగాలు. అటువంటి పొట్టి తరంగాలను పుట్టించి, పట్టి చూపిన తొలి పరిశోధన సుమారు నూటపాతికేళ్ల కిందట కలకత్తాలో జరిగింది. ఆ పరిశోధకుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్.

బోస్ 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి అయినా, కుమారుణ్ణి మొదట బెంగాలీ పాఠశాలకే పంపారు. కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను చదివిన బోస్ 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. భారతీయులకు ఆంగ్లేయులకంటే తక్కువ జీతమిచ్చే పద్ధతిని నిరసిస్తూ, మూడేళ్లపాటు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి బకాయిలతో సహా పూర్తి జీతం చెల్లించింది.

కళాశాలలో తగిన పరిశోధనశాల లేదు. ఒక చిన్న గదిలో, స్థానిక లోహకారుని సాయంతో ఆయన పరికరాలు సిద్ధం చేసుకున్నారు. హెర్ట్జ్ పుట్టించిన తరంగాలు పొడవైనవి. వాటితో ప్రయోగాలకు భారీ పరికరాలు కావాలి. బోస్ తరంగాన్ని 5 మిల్లీమీటర్లకు కుదించడంతో పరికరమంతా ఒక బల్లమీద ఇమిడింది. రైళ్ల వేళల పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పరచి, తరంగాల కంపన దిశను వడగట్టేందుకు దానినే వాడారు. తరంగాలను పట్టేందుకు గలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికాన్ని ఎంచుకున్నారు.

1897లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆ పరికరాలను ప్రదర్శించారు. సూర్యుని నుంచి కూడా విద్యుదయస్కాంత తరంగాలు వస్తుండవచ్చనీ, సూర్యుని వాతావరణమో భూమి వాతావరణమో వాటిని అడ్డుకుంటున్నందున అవి చిక్కడం లేదేమోననీ ఆ ఏడే ఊహించారు. సూర్యుని రేడియో తరంగాలు పట్టుబడింది 1942లో. గాలిలోని నీటి ఆవిరి పొట్టి తరంగాలను పీల్చుకుంటుందన్న సంగతి యుద్ధకాలపు రాడార్ పరిశోధనల్లో తేలింది. చిలీలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఆల్మా దూరదర్శిని 66 యాంటెన్నాలను నెలకొల్పింది ఆ ఆవిరిని తప్పించుకోవడానికే.

ఆవిష్కరణలను సొమ్ము చేసుకోవడం బోస్‌కు గిట్టేది కాదు. మిత్రుల ఒత్తిడితో దరఖాస్తు చేయగా, స్ఫటిక గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. దానినుంచి ఆయన లాభం ఆశించలేదు. అప్పటికే ఆయన దృష్టి మొక్కల స్పందనలవైపు మళ్లింది. దూరప్రాంతాలకు వార్తలు పంపే పనికి పొడవైన తరంగాలే అక్కరకు రావడంతో, ఆయన తెరచిన దారిలో చాలాకాలం అడుగులు పడలేదు.

1917లో కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

రెండు పట్టకాల మధ్య ఎడం మార్చి తరంగాల బలాన్ని అదుపుచేసే ఆయన పద్ధతిని, అమెరికాలోని కిట్ పీక్ శిఖరంపైనున్న 12 మీటర్ల దూరదర్శిని రిసీవర్‌లో 1990లలో అమర్చారు. జీతం దగ్గర ఆయనను తక్కువచేసిన పాలన గతించింది. ఆ చిన్న గదిలో రూపొందిన ఆలోచన శతాబ్దం తర్వాత కూడా పనికివచ్చింది.