విడువని ప్రేమ

తప్పిపోయిన కుమారుని కోసం తండ్రి ఎదురుచూచినట్లే, తనను మరచిన మానవుల కోసం దేవుడు ఓర్పుతో వేచి ఉంటాడని క్రైస్తవుల విశ్వాసం. ఆ ఓర్పును తన నడవడిలో చూపిన మహనీయుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్.

ఆయన 1793లో జర్మనీలో జన్మించారు. అమెరికాలో బోధకుడై, 1842లో గుంటూరు చేరారు. మధ్యలో అమెరికాకు వెళ్ళి వైద్యవిద్య నేర్చి, తిరిగివచ్చి 1857 వరకు తెలుగువారికి సేవ చేశారు.

1869లో రాజమండ్రి మిషన్‌ను ఇక నడపలేమని అమెరికా లూథరనులు దానిని ఆంగ్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగింపబూనారు. అప్పటికి హయ్యర్ వయస్సు 76 ఏళ్ళు. అయినా తానే వెళ్తానని ఆయన ముందుకు వచ్చారు. సంఘం మనసు మార్చుకున్నది. ఆ యేడే ఆయన గోదావరి తీరం చేరి, కొత్త బోధకులు వచ్చేవరకు అచటి విశ్వాసులకు అండగా నిలిచారు. 1873లో అమెరికాలో కన్నుమూశారు.

వెనుకంజ వేసిన వారినే మరల ముందుకు నడిపించడం, విడిచిన చోటికే తిరిగి రావడం ప్రేమకు గుర్తులని ఆయన జీవితం తెలుపుతున్నది.