శ్రీ జి. డి. నాయుడుగారి మూడు బండ్లు

కలిగినవారు తాము కొనిన మోటారుకార్లను గూర్చి ముచ్చటించుకొనుట లోకమున పరిపాటి. ఏది మొదట కొంటిమి, దేనికెంత వెలయిచ్చితిమి, దేనిపై నెక్కువ మక్కువ యని వేడుకతో చెప్పుకొందురు. మక్కువ యుండుట తప్పుగాదు. ఆ మక్కువ యెందుకు కలిగినదనునదియే మనుజుని తూచు త్రాసు. ఒకరికి బండి తమ దర్జాకు గుర్తు. ఒకరికి అది విద్య. వేఱొకరికి అది పదిమందికి దారి. కోయంబత్తూరున జీవించి 1974 జనవరి 4వ తేదీన కీర్తిశేషులైన శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారికి బండి విద్యయు, దారియు నైనది. జి. డి. నాయుడను పేర ప్రఖ్యాతులైన ఆ మహనీయుని జీవితమును, వారి మనసు దోచిన మూడు బండ్లను పురస్కరించుకొని, సంఘ సభ్యులకు విన్నవింప నెంచితిని.

మన కౌడిపల్లి హైదరాబాదునుండి నర్సాపూరు మీదుగా మెదకునకు బోవు మార్గముపై నున్నది. ఈ దారిప్రక్క బస్సునకై వేచియున్నవారికి బస్సు విలువ నొకరు చెప్పనక్కఱలేదు. అంగడికి బోవు రైతునకును, వైద్యశాలకు బోవు తల్లికిని, బడికి బోవు పిల్లవానికిని అదియే ఆధారము. ఈ సీమ నేలిన నిజాము ప్రభువుల కొలువున మఱియొక విధమగు బండి యుండెను. ఆఱవ నిజాము మహబూబు అలీఖానుగారు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు నొకదానిని ప్రత్యేకముగా చేయింప దలపెట్టిరి. వారు 1911లో కాలధర్మము నొందిరి. బండి 1912లో సిద్ధమయ్యెను. పసుపుపచ్చని వన్నెతో, వెనుక సింహాసనమువంటి పీఠముతో నొప్పు ఆ శకటము ఉత్సవములకే గాని దినదిన ప్రయాణములకు గాదు. చౌమహల్లా ప్రాసాదమున దానిని చూచినవారు పనితనమును మెచ్చక మానరు. ఇంచుమించుగా ఆ కాలముననే దక్షిణమున నొక తెలుగు రైతుబిడ్డ వేఱు తీరు బండిపై మనసు నిలిపియుండెను.

నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చేరువనున్న కలంగల్ గ్రామమున జన్మించిరి. వారిది తెలుగు మాటలాడు కమ్మ కర్షక కుటుంబము. పూర్వము తెలుగునాటినుండి తమిళసీమకు వలసపోయి, అచ్చటి మెట్టభూములను సాగుచేసికొనుచు, ఇంట మాతృభాషను విడువని కుటుంబములలో నది యొకటి. తల్లి వీరి పసితనముననే గతించెను. బడిచదువు వీరికి రుచింపలేదు. మూడవ తరగతితోడనే ముగిసెను.

ఒకనాడు ఆంగ్లేయాధికారి యొకడు మోటారు సైకిలుపై ఆ పల్లెకు వచ్చెను. ఎడ్లును గుఱ్ఱములును లేకయే పరుగెత్తు ఆ బండిని జూచి బాలుడు అబ్బురపడెను. ఇతరులైనచో నాలుగు దినములు చెప్పుకొని మఱచియుందురు. ఈ బాలుడు మాత్రము దానిని తనది చేసికొనవలెనని నిశ్చయించెను. చేతిలో ధనము లేదు. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, పొలముగల యింటి బిడ్డకు చిన్నతనమని యెంచక, ఒక భోజనశాలలో వడ్డనపనికి కుదిరెను. జీతములో కూడబెట్టిన సొమ్ముతో ఆ రడ్జి మోటారు సైకిలునే కొనెను.

కొనినపిమ్మట చేసినపని గమనింపదగినది. నలుగురు చూడ వీధులలో త్రిప్పుటతో తృప్తినొందక, ఆ యంత్రమును మరమరగా విప్పి, భాగముల నెఱింగి, మరల యథాప్రకారము కూర్చెను. బడి యొసగలేని విద్యను ఆ బండి యొసగెను. మొదటి బండిపై నాయుడుగారి మక్కువకు కారణమిది. అది తన గుట్టును తెఱచి చూపినది.

అటుపిమ్మట ప్రత్తివ్యాపారమున దిగి కొంత గడించి, బొంబాయిలో పోగొట్టుకొనిరి. ధనము పోయినను చేతిలోని విద్య పోలేదు. కోయంబత్తూరున పరిశ్రమాధిపతియగు రాబర్టు స్టేన్స్ దొరగారు వీరి నేర్పు నెఱిగి తోడ్పడగా, 1920లో నొక బస్సును సంపాదించి, పొల్లాచికిని పళనికిని నడుమ నడుపసాగిరి. యజమానియు తామే, చోదకుడును తామే. పొల్లాచి పెద్ద సంత. పళని సుబ్రహ్మణ్యస్వామి దివ్యక్షేత్రము. సరకు మోయువాడును మ్రొక్కు చెల్లించువాడును ఆ యొక్క బండిలోనే ప్రక్కప్రక్కల కూర్చుండిరి. చక్రములు తిరిగినకొలది పరువుగల వ్యాపారమును పెరిగెను. యూనివర్సల్ మోటారు సర్వీసు అను పేర 1933 నాటికి రెండు వందలకు పైబడిన బస్సులు నడిచెను. దేశమున నంతటి దక్షతగల ప్రయాణసంస్థలు కొలదియని పేరువచ్చెను. ఐనను ఆ తొలి బస్సే ఈ వైభవమునకెల్ల మూలము. రెండవ బండి యిది. మొదటిది తనకు నేర్పినది. రెండవది ఇతరులను మోసినది.

బస్సుల సంపద వీరిని సుఖాసీనుని చేయలేదు. 1937లో డి. బాలసుందరము నాయుడుగారితో గూడి విద్యుత్తుతో నడచు మోటారును స్వదేశముననే తయారుచేయించిరి. గడ్డము గీయు విద్యుద్యంత్రమును, చౌకవెల రేడియోను, పండ్లరసము దీయు పరికరమును వీరి కర్మశాలలనుండి వెలువడెను. 1944లో ప్రయాణవ్యాపారపు బాధ్యతలనుండి తొలగి, పరిశోధకుల వేతనములకును పనివారి క్షేమమునకును ధనము కేటాయించిరి. 1945లో కోయంబత్తూరున ఆర్థరు హోపు పేర సాంకేతిక విద్యాలయము వెలయుటకు వీరి యౌదార్యము కారణమయ్యెను. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలమదియే. నాలుగేండ్ల చదువును రెండేండ్లలో నేర్పవచ్చునని వాదించి, ప్రభుత్వ మంగీకరింపకపోగా ఆ బాధ్యతను విడిచిరి. మూడవ తరగతి చదివినవాడు ఇంజనీరుల చదువును దిద్దబూనుట కొందఱికి వింతగా తోచెను. కాని యంత్రమును విప్పి నేర్చినవానికి, పుస్తకమునెదుట గడచు కాలము వృథాగా తోచుటలో వింతయేమి?

ఇక మూడవ బండి. ఇది తలచినపుడు మనసు కలుక్కుమనును. 1952లో నాయుడుగారు ఇద్దఱు కూర్చుండదగిన పెట్రోలు కారును రూపొందించిరి. దాని వెల 2,000 రూపాయలు. పరిశ్రమల నియంత్రణ చట్టము 1951లో వచ్చియుండెను. అనుమతిపత్రము లేనిదే ఏ కారును తయారుచేసి యమ్మరాదు. ఆ యనుమతి లభింపలేదు. ఉత్పత్తి నిలిచిపోయెను. త్రోవలో నోడిపోయినచో విచారము లేదు; అది కాగితముపై నోడిపోయెను. సామాన్య కుటుంబముల చిన్నకారని పేరొందిన మారుతి 800 మన రోడ్లపైకి వచ్చినది 1983 డిసెంబరులో. నడుమ గడచినవి ముప్పది యొక్క సంవత్సరములు. ఆ కాలమంతయు కారు మన దేశమున కలవారి వాకిటనే నిలిచియుండెను.

వీరు కోపము లేనివారని చెప్పుట అసత్యమగును. పన్నుల భారమునకు నిరసనగా నొకమాఱు తాము చేయించిన వస్తువులనే జనులయెదుట ధ్వంసము చేయించిరి. అది అందఱు మెచ్చదగిన పని గాదు. ఐనను కన్నబిడ్డలవంటి వస్తువులపై చేయియెత్తినవాని కడుపుమంట యెంతటిదో యోచింపవలెను.

వీరి కుటుంబమువారు 2015లో కోయంబత్తూరున నొక కార్ల ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 1886 నాటి బెంజి బండి నమూనా మొదలుకొని పలుదేశముల వాహనము లచ్చట కలవు. 2025లో ఆ నగరమున అవినాశి మార్గముపై నిర్మింపబడిన వంతెనదారికి వీరి పేరే పెట్టిరి. బస్సు నడిపి బ్రతుకు మొదలిడినవానికి దారియే స్మారకమగుట ఉచితము.

పోషకమహాశయులారా! మనలో కార్లు గలవారు పెక్కురు. వివాహములకును సభలకును వాని వరుసలు చూడముచ్చటగా నుండును. కాని మన యిండ్ల పిల్లలలో నెందఱు ఆ బండి మూతయెత్తి లోనిది తెలిసికొన జూచుచున్నారు? చేతికి నూనె యంటినచో పరువు పోవునని పిల్లలను వారించు తల్లిదండ్రులు నేటికిని కలరు. వడ్డనపని చేసి బండి కొనినవాని పరువు ఎచటికి పోయినది? సంఘనిధినుండి యేటేట నిచ్చు వేతనములలో కొన్నింటిని యంత్రవిద్య నేర్చు బీదబాలురకు ప్రత్యేకించిన బాగుండునని నా మనవి. అందొక్కడు మూడవ బండిని మరల నడిపించినను, ఆ ధనము సార్థకమగును.

సర్వేశ్వరుడు మన సంఘీయులకు ఆయురారోగ్యములను, కష్టించు బుద్ధిని ప్రసాదించుగాక!