మాచాని సోమప్ప

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నల్లరేగడి నేలలు మెండు. అచ్చట ప్రత్తి పండును. వానలు మాత్రము నమ్మదగినవి కావు. ఎమ్మిగనూరు, గూడూరు మొదలగు ఊళ్లలో అనేక కుటుంబములకు మగ్గమే జీవనాధారము. ప్రత్తి పండు సీమలో వస్త్రము నేయువానికే కట్టుబట్ట కరవగుట యెంత విచిత్రము! నూలు కొనుటకు చేత పైకము లేక నేతగాడు షావుకారు నాశ్రయించును. నేసిన బట్టను ఆ షావుకారుకే, అతడు చెప్పిన వెలకే యీయవలెను. పాతబాకీ పోగా మిగులునది స్వల్పము. మరల నూలు అప్పు తేవలసినదే. కరవు వచ్చి గుడ్డ కొనువారు లేనినాడు ఆ కాస్త పనియు నిలిచిపోవును.

ఎమ్మిగనూరునకు చెందిన సోమప్ప ఈ ముడి యెచ్చట పడెనో గుర్తించెను. ధర్మము చేసి యొకపూట అన్నము పెట్టవచ్చును. కాని నూలు ఎవరి చేతిలో నుండునో మగ్గము వారి మాటయే వినును. కావున 1938లో ఆయన నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించెను. సంఘమే నూలు తెచ్చి సభ్యులకిచ్చును. బట్ట తీసికొని కూలి చెల్లించును. అమ్మకపు భారమును తానే వహించును. చెప్పుట సులభమే. తరతరములుగా అప్పునకు అలవాటుపడినవారు తమ సొంత సంఘమును నమ్ముటయే కష్టము.

మరుసటి యేడు రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. నూలు ప్రియమయ్యెను, 1943లో ప్రభుత్వము బట్టపైనను నూలుపైనను నియంత్రణ విధించెను. ఒంటరి నేతగానికి అవి గడ్డు దినములు. సోమప్ప స్థాపించిన సంఘము ఆ కాలమును దాటి నిలిచెను.

పద్మశ్రీ పురస్కారములు తొలిసారి యీయబడిన 1954లో వానిని పొందినవారిలో సోమప్ప యొకరు. ఎమ్మిగనూరులో ఒక కూడలిని ప్రజలు సోమప్ప సర్కిలని పిలుతురు.