హెర్మన్ ఎబ్బింగ్‌హాస్

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ (జనవరి 24, 1850 - ఫిబ్రవరి 26, 1909) జర్మనీకి చెందిన ప్రముఖ మనస్తత్వ శాస్త్రవేత్త. జ్ఞాపకశక్తిని ప్రయోగపూర్వకంగా కొలిచిన ప్రథముడు. నేర్చిన విషయం కాలక్రమంలో ఎంత వేగంగా మరపునకు వస్తుందో తెలిపే విస్మృతి రేఖ ఈయన పేరుతోనే ప్రసిద్ధమైంది. నిద్రకు, జ్ఞాపకానికి గల సంబంధాన్ని సూచించే ఒక అంకె ఈయన పట్టికలోనే ఉన్నది. అయితే దానికి నిద్రే కారణమని ఈయన అంగీకరించలేదు.

బాల్యం, విద్య

ఎబ్బింగ్‌హాస్ ప్రష్యా రాజ్యంలోని బార్మెన్ పట్టణంలో (ప్రస్తుతం వుప్పర్టాల్ నగరంలో భాగం) ఒక సంపన్న వర్తకుని ఇంట జన్మించాడు. 17వ ఏట బాన్ విశ్వవిద్యాలయంలో చేరి చరిత్ర, భాషాశాస్త్రాలు అభ్యసించి, క్రమంగా తత్త్వశాస్త్రం వైపు మళ్ళాడు. 1870లో ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధం రావడంతో సైన్యంలో పనిచేశాడు. 1873లో డాక్టరేటు పొందాడు. ఆ తరువాత ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలలో ఉపాధ్యాయునిగా జీవించాడు. ఒక పాత పుస్తకాల దుకాణంలో ఈయనకు గుస్తావ్ ఫెక్నర్ 1860లో ప్రచురించిన మనోభౌతిక శాస్త్ర గ్రంథం లభించింది. ఇంద్రియానుభవాలను గణితంతో కొలిచే ఆ పద్ధతిని జ్ఞాపకశక్తికి కూడా అన్వయించాలని సంకల్పించాడు.

జ్ఞాపకశక్తిపై ప్రయోగాలు

ఈ ప్రయోగాలలో పరిశోధకుడు, పరిశోధితుడు ఈయనే. పూర్వ పరిచయం ఫలితాన్ని ప్రభావితం చేయకుండా సుమారు 2,300 అర్థరహిత పదాంశాలను కూర్చుకొని, నిమిషానికి 150 చొప్పున ఒకే లయలో చదివి కంఠస్థం చేసేవాడు. కొంతకాలం తరువాత వాటినే మరల నేర్చుకొనేటప్పుడు ఎంత సమయం ఆదా అయినదో లెక్కించేవాడు. ఫలితాలను 1885లో గ్రంథంగా ప్రచురించాడు.

వాటి ప్రకారం 20 నిమిషాల తరువాత 58 శాతం, ఒక గంట తరువాత 44 శాతం, సుమారు 9 గంటల తరువాత 36 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, రెండు రోజుల తరువాత 28 శాతం, 31 రోజుల తరువాత 21 శాతం ఆదా మిగిలింది. 9వ గంట నుండి 24వ గంట వరకు తరుగుదల సుమారు 2 శాతమే కాగా, తరువాతి 24 గంటలలో అది సుమారు 6 శాతం. మొదటి వ్యవధిలో అధిక భాగం రాత్రి నిద్రే. నిద్ర మరపును ఆపినదా అన్న ప్రశ్నను ఈయన పరిశీలించాడు. కానీ ఆ కారణం చాలదని భావించి, కొలతలోని పొరపాటుగా పరిగణించాడు.

పాఠశాల విద్యార్థులపై పరీక్షలు

1886లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందిన ఎబ్బింగ్‌హాస్, 1894లో బ్రెస్లావ్ నగరానికి (ప్రస్తుతం పోలండులోని వ్రోత్స్వాఫ్) మారాడు. అక్కడి ఉన్నత పాఠశాలలలో ఉదయం వరుసగా ఐదు గంటలు సాగే బోధన వలన విద్యార్థులు అలసిపోతున్నారా అన్న ప్రశ్న తలెత్తింది. దానిని పరిశీలించడానికి ఈయన గణన పరీక్ష, అంకెలను గుర్తుంచుకొనే పరీక్ష, ఖాళీలను పూరించే పరీక్ష ఉపయోగించి, 1897లో వివరాలు ప్రచురించాడు. ఖాళీలను పూరించే పద్ధతి ఆ తరువాత ఆల్ఫ్రెడ్ బినే తెలివితేటల పరీక్షలలో చోటు చేసుకొన్నది.

చివరి రోజులు

1905లో హాలే విశ్వవిద్యాలయానికి మారిన ఈయన, 1909లో న్యుమోనియాతో 59వ ఏట మరణించాడు. తత్త్వవేత్త జూలియస్ ఎబ్బింగ్‌హాస్ ఈయన కుమారుడు.

తరువాతి పరిశోధనలు

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులపై ప్రయోగాలు జరిపి, మెలకువగా గడిపిన గంటల కంటే నిద్రించిన గంటలలో మరపు తక్కువని చూపారు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఎబ్బింగ్‌హాస్ ప్రయోగాన్ని పునరావృతం చేయగా 24వ గంట వద్ద అదే విశేషం కనిపించింది. దానికి నిద్ర కారణం కావచ్చునని వారు సూచించారు.

నేర్చిన విషయాలు మెదడులోని హిప్పోకాంపస్ సహాయంతో నిద్రలో స్థిరపడతాయని, నిద్ర చాలకపోతే కొత్త విషయాలను గ్రహించడం కూడా కష్టమవుతుందని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. యుక్తవయస్సులో నిద్రను కలిగించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా వెలువడుతుంది. అందువలన ఉదయాన్నే బడికి వెళ్ళవలసిన విద్యార్థులకు నిద్ర కొరవడుతుంది. 13 నుండి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రా వైద్య అకాడమీ 2016లో సూచించింది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకొని చదివే విద్యార్థి, చదివినది నిలుపుకొనే సమయాన్నే కోల్పోతాడు.