తీగలు లాగిన డాక్టరు

రౌటర్‌ని ర్యాక్‌లో పెట్టడం చూడ్డానికి స్క్రూడ్రైవర్ పనిలాగే ఉంటుంది. ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు, అందులో ఒక్కో యూనిట్ ఎత్తు 1.75 అంగుళాలు. రౌటర్‌కి రెండు పక్కలా చెవులు బిగించాలి, ర్యాక్ కన్నాల్లో కేజ్ నట్లు పెట్టాలి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు స్క్రూలు వెయ్యాలి. కరెంటు ఇచ్చే ముందే ఎర్త్ వైరు కలపాలి. తర్వాత బయటినుంచి వచ్చే లైను, లోపలి స్విచ్‌కి వెళ్ళే లైను, కన్సోల్ కేబుల్. ఆన్ చేసి, అడ్రస్‌లు ఇచ్చి, అవతలి వైపుకి ఒక పింగ్ కొట్టాలి. జవాబు వస్తే పనైనట్టే.

ఆ "అవతలి వైపు" మన దేశంలో ఎక్కణ్ణుంచి మొదలైందో వెతుక్కుంటూ వెనక్కి వెళితే ఒక డాక్టరు దగ్గర ఆగుతాం. అవును, ఇంజినీరు కాదు, ఎంబీబీఎస్ టైపు డాక్టరే. పేరు విలియం బ్రూక్ ఓషానెస్సీ. మన సిలబస్‌లో ఈయన పేరు ఎక్కడా రాదు. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను.

1809లో ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. 1831లో ఇంగ్లండ్‌లో కలరా వచ్చింది. అప్పుడతనికి 22 ఏళ్ళు, అంటే మనకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. సండర్లాండ్ అనే ఊరికి వెళ్ళి కలరా రోగుల రక్తం తీసి పరీక్షించాడు. ఆ రక్తంలో నీరూ, లవణాలూ బాగా తగ్గిపోయాయని కనిపెట్టాడు. పోయినవాటిని తిరిగి ఒంట్లోకి ఎక్కించాలని రాశాడు. మరుసటి ఏడాది థామస్ లట్టా అనే డాక్టరు నిజంగానే రోగుల నరాల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కించి చూశాడు. ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా స్టాండుకి వేలాడే సెలైన్ సీసాకి మొదలు అక్కడే. ఆ ఒక్క పనితోనే ఆయన పేరు నిలిచిపోవాల్సింది. కానీ అప్పటి డాక్టర్లు ఆ పద్ధతిని కొన్నాళ్ళకే వదిలేశారు.

1833లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా కలకత్తా వచ్చాడు. కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యాడు. ఈ దేశపు మందుల గురించి అధ్యయనం చేశాడు. గంజాయిని వైద్యంలో ఎలా వాడవచ్చో పరీక్షలు చేసి 1839లో రాసిన వ్యాసంతో పాశ్చాత్య వైద్యులకి ఆ మందుని పరిచయం చేసింది కూడా ఈయనే. (మెడిసిన్ చదివే ఫ్రెండ్స్ ఉంటే అడగండి, కొంతమందికి ఈ పేరు ఇలా తెలుసు.)

అదే 1839లో కలకత్తా బొటానికల్ గార్డెన్ దగ్గర వెదురు గుంజలు పాతించి 21 మైళ్ళ తీగ లాగించాడు. సర్క్యూట్ పూర్తవ్వాలంటే కరెంటు తిరిగి రావడానికి ఇంకో దారి కావాలి కదా. దానికి పక్కనున్న హుగ్లీ నది నీటినే ఒక తీగలా వాడి చూశాడు. డిస్‌ప్లే ఏమీ లేదు. తీగలో వచ్చే చిన్న షాకుల్ని వేలితో పట్టుకుని, గడియారం చూసి అక్షరం గుర్తుపట్టడమే. మోర్స్ అమెరికాలో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి లైను వేసింది 1844లో. మన డాక్టరు అంతకి ఐదేళ్ళ ముందే కలకత్తాలో ఈ పని చేశాడు. కంపెనీ వాళ్ళు పట్టించుకోలేదు. ఆయన దాదాపు పదేళ్ళు ఆగాడు, ఆ మధ్యలో కలకత్తా టంకశాలలో ఉద్యోగంలో కూడా చేరాడు.

1850లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒప్పుకున్నాడు. కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి సుమారు 30 మైళ్ళ లైను మొదలైంది. సముద్రం మీంచి ఓడ వచ్చిందన్న కబురు ఊరికి ముందే తెలియడం దాని పని. ఇక్కడే మన ల్యాబ్ మాన్యువల్‌లో లేని సమస్యలు వచ్చాయి. యూరప్‌లో వాడే సన్న తీగ ఇక్కడ నిలవదు. కోతులు ఊగుతాయి, పెద్ద పక్షులు వాలతాయి, గాలివానలు వస్తాయి. అందుకని తీగ మానేసి, అంగుళంలో మూడెనిమిదో వంతు మందమున్న ఇనప కడ్డీలనే ఒకదానికొకటి అతికించి వేశాడు. గుంజలకి చెదలు ఇంకో గోల. అన్నిటికంటే పెద్దది పిడుగు. మైళ్ళకొద్దీ సాగిన ఇనుము మీద పిడుగు పడితే చివరనున్న పరికరం మాడిపోతుంది. ఆ దెబ్బని పరికరం దాకా రానివ్వకుండా భూమిలోకి పంపే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది. మనం రౌటర్‌కి ముందు ఎర్త్ ఎందుకు కలుపుతామో ఈ కథ విన్నాక నాకు బాగా ఎక్కింది. ర్యాక్ మారింది గానీ ఆకాశం మారలేదు.

1851లో లైను పనిచెయ్యడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది బర్మా యుద్ధంలో రంగూన్ పడిపోయిన వార్త ఓడలో వచ్చి, ఓడ కంటే ముందే తీగ మీద కలకత్తా చేరింది. ఇక డల్హౌసీకి అనుమానం లేదు. ఓషానెస్సీని లండన్ పంపి దేశమంతా లైను వెయ్యడానికి అనుమతి తెప్పించాడు. 1853 నవంబరులో పని మొదలైంది. 1854 మార్చికల్లా 800 మైళ్ళ దూరంలో ఉన్న ఆగ్రా నుంచి కలకత్తాకి సందేశం వచ్చేసింది. ఐదు నెలలు కూడా పట్టలేదు! 1855 ఫిబ్రవరిలో జనానికి కూడా తెరిచారు.

ఇప్పుడు అసలు రౌటింగ్ సంగతి. కలకత్తా నుంచి మద్రాసుకి దగ్గర దారి మన కోస్తా మీదుగానే, అంటే విశాఖపట్నం, అనకాపల్లి దాటి కిందికి. కానీ మొదట వేసిన లైను కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు. అంటే కలకత్తా వాడు మద్రాసుకి కబురు పెడితే అది దేశమంతా చుట్టి వెళ్ళేది, మన జిల్లాల మొహం కూడా చూడకుండా. దారిలో ఆఫీసు గుమాస్తా వచ్చిన సందేశాన్ని కాగితం మీద రాసుకుని, ఎవరికో చూసి, ఏ తీగ ఖాళీగా ఉందో చూసి ముందుకి కొట్టేవాడు. దాచుకో, అడ్రస్ చూడు, ముందుకి పంపు. ఇవాళ ర్యాక్‌లో ఆ డబ్బా చేసే పని అదే. ఒక్కటే తేడా, మొదటి రౌటర్లు జీతం తీసుకునేవి.

ఆ గుమాస్తాల్లో, పనివాళ్ళలో ఒక్కరి పేరైనా మనం గుర్తుపెట్టుకోవాలి. శివచంద్ర నంది. టంకశాలలో పనిచేసే బెంగాలీ కుర్రాడు. ఇంజినీరింగ్ చదవలేదు. ఓషానెస్సీ అతన్ని చేరదీసి పని నేర్పాడు. మొదటి లైను మీద డైమండ్ హార్బర్ నుంచి సందేశం కొట్టింది నందియే, కలకత్తాలో అందుకున్నది ఓషానెస్సీ. తర్వాత వందల మైళ్ళ లైన్లు నంది చేతిమీదుగా పడ్డాయి. పద్మా నది కింద ఏడు మైళ్ళ కేబుల్ వెయ్యాల్సి వస్తే, పెద్ద ఓడ కోసం ఆగకుండా జాలరి పడవల్లోంచే వేశాడు. స్తంభాలు ఖరీదైతే తాటిమాన్లు పాతించాడు. మనూరి పొలం గట్ల మీద తాళ్ళు చూసినప్పుడల్లా నాకిప్పుడు ఇదే గుర్తొస్తోంది. ఓషానెస్సీకి 1856లో సర్ బిరుదు వచ్చింది. నందికి రాయ్ బహదూర్ రావడానికి 1883 దాకా పట్టింది.

ఇక్కడిదాకా చదివితే హీరో కథలా ఉంది. కానీ 1857 వచ్చింది. మే 11న ఢిల్లీలో తిరుగుబాటు సిపాయిలు ప్రవేశించిన కబురు అంబాలా కంటోన్మెంటుకి తీగ మీదే వెళ్ళింది. ఆ తీగ వల్లే బ్రిటిష్ వాళ్ళు సైన్యాల్ని త్వరగా కదపగలిగారు. తిరగబడినవాళ్ళకి కూడా ఈ సంగతి అర్థమైంది. వందల మైళ్ళ లైన్లు తెంపేశారు. కలరా రోగి ప్రాణం కోసం ఆలోచించిన మనిషే వేసిన తీగ, ఈ దేశాన్ని ఇంకో తొంభై ఏళ్ళు పట్టి ఉంచడానికి పనికొచ్చింది. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఏ నెట్‌వర్క్ అయినా రెండు కొసల్లో ఎవరు కూర్చున్నారో వాళ్ళ పనే చేస్తుంది. లాగినవాడి మంచితనం తీగలో ప్రవహించదు.

1860 ప్రాంతంలో ఆయన ఇండియా వదిలి వెళ్ళిపోయాడు. 1861లో ఇంటిపేరు కూడా బ్రూక్ అని మార్చుకున్నాడు. 1889లో ఇంగ్లండ్‌లో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన టెలిగ్రామ్ మాత్రం మన దేశంలో 2013 జూలై దాకా బతికింది. మనం అప్పుడు చిన్నపిల్లలం.

2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ల కోసం ప్రకటించిన మూడు చోట్లలో ఒకటి మన జిల్లాలోని రాంబిల్లి. సముద్రం కింద నుంచి వచ్చే కేబుళ్ళు కూడా విశాఖ తీరాన్ని తాకబోతున్నాయి. 1855లో మనల్ని వదిలేసి చుట్టూ తిరిగిన దారి ఇన్నాళ్ళకి నేరుగా మన ఊళ్ళోకి వస్తోంది. వేల ర్యాకులు నిలబడతాయి. వాటిల్లో స్క్రూలు బిగించేవాళ్ళు కావాలి, మన బ్యాచ్‌లో చాలామంది రెజ్యూమెలు రెడీ చేస్తున్నారు, నేనూ చేస్తున్నాను. ఉద్యోగం వస్తే మంచిదే. కానీ నంది తాటిమాను పాతినప్పుడు ఆ లైను ఎటు వెళ్ళాలో, ఎవరి కబురు ముందు మొయ్యాలో నిర్ణయించింది నంది కాదు. ఆ నిర్ణయాలు జరిగే గదిలో ఈసారి మనవాళ్ళు ఎంతమంది ఉంటారన్నదే నాకు జీతం ప్యాకేజీ కంటే పెద్ద ప్రశ్నగా కనిపిస్తోంది.